నడిమి డబ్బా
(తొమ్మిదో తరగతి విద్యార్థిని, సోలాపూర్)

మా తాత ముప్పై ఐదేండ్లు పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేశాడు. పూర్వభాగ్‌లో ఉండేవాళ్లకు ఆ చప్పుడు గురించి నేను చెప్పనక్కరలేదు. గల్లీలో నడుస్తుంటేనే మాట వినపడదు, ఇక లోపల నిలబడి నాలుగు మగ్గాలు చూసుకునేవాళ్ల సంగతి ఏమిటి? తాత చెవులు పూర్తిగా పోలేదు. పిలిస్తే పలుకుతాడు. కానీ మాటల్లో తేడా తెలియదు. "పాలు" అంటే "కాలు" అనుకుంటాడు. చాలా ఏండ్లు పెద్ద చప్పుడులో ఉన్నవాళ్లకు ముందుగా సన్నటి ధ్వనులు వినపడటం తగ్గిపోతుందని, స, త, ప, క లాంటి హల్లులు ఆ సన్నటి ధ్వనుల్లోనే ఉంటాయని మా సైన్స్ సార్ చెప్పారు. అందుకే మాట వినిపిస్తుంది గానీ ఏ మాటో తెలియదు.

ఇంట్లో అందరం సినిమా చూసేటప్పుడు తాత పక్కన కూచున్నవాళ్లకు కష్టమే. ప్రతి రెండు నిమిషాలకు "ఏమన్నడే?" అని అడుగుతాడు. మేం చెప్పేలోపల ఇంకో మాట పోతుంది. ఒక రోజు మా తమ్ముడు "తాతా, ఊకో జర!" అని గట్టిగా అన్నాడు. నేను కూడా నవ్వాను. ఆ రోజు నుంచి సినిమా పెడితే తాత లేచిపోయి బయట అరుగు మీద కూచునేవాడు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఉండమని కూడా అనలేదు.

అదే టైములో పుణెలో ఉండే మా మామ తాను వాడి పక్కన పెట్టిన సరౌండ్ సౌండ్ రిసీవర్, అయిదు స్పీకర్లు, ఒక బాస్ డబ్బా మాకు తెచ్చి ఇచ్చాడు. రిసీవర్ అంటే బరువైన ఒక పెట్టె. దాంట్లోకి ధ్వని వస్తుంది, అది దాన్ని విడదీసి, పెద్దగా చేసి, ఏ స్పీకర్‌కు పోవలసింది ఆ స్పీకర్‌కు పంపిస్తుంది. దాన్ని మా ఇంటి కంప్యూటర్‌కు కలపడం నా పని అయింది. మామ పెట్టెను అప్పగించి పుణె వెళ్లిపోయాడు. రిసీవర్ వెనక చూస్తే ఇరవైకి పైగా తొర్రలున్నాయి, ఎర్రవి, తెల్లవి, ఒక చదరపు తొర్ర. కంప్యూటర్ వెనక ఆకుపచ్చ, గులాబి, నీలం, నలుపు, నారింజ రంగువి. ఏది దేనికి? ఇన్ని ఎందుకు? ఇది తెలుసుకోబోయి నేను చదివిందే ఈ వ్యాసం. ఇందులో ఎక్కువ భాగం ఒక్క స్పీకర్ గురించి, టీవీ కింద మధ్యలో పెట్టే నడిమి డబ్బా గురించి.

మనకు రెండు చెవులున్నాయి కాబట్టి రెండు వైపుల నుంచి ధ్వని ఇస్తే బాగుంటుందన్న ఆలోచన చాలా పాతది. 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో క్లెమాన్ ఆదేర్ అనే ఇంజనీరు ఒపేరా నాటకశాల వేదిక మీద టెలిఫోన్ మైకులు పెట్టి, దూరంగా ప్రదర్శనశాలలో ఉన్నవాళ్లకు వినిపించాడు. వినేవాళ్లు రెండు రిసీవర్లు రెండు చెవులకు పెట్టుకోవాలి. పాడేవాళ్లు వేదిక మీద అటూ ఇటూ నడిస్తే వినేవాళ్లకు ఆ కదలిక తెలిసిందట. అప్పటికి సినిమా లేదు, రేడియో లేదు.

సినిమాకు మాటలు వచ్చిన కొత్తలో తెర వెనక నుంచి ఒక్క ధ్వనే వచ్చేది. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. కంపెనీలో పనిచేసే అలన్ బ్లమ్‌లైన్ తన భార్యతో సినిమాకు వెళ్లినప్పుడు, నటుడు తెరకు ఒక మూలన ఉంటే గొంతు ఇంకో చోట నుంచి రావడం ఆయనకు నచ్చలేదట. దీనికి దారి నాకు తెలుసు అని ఆమెతో అన్నాడని చెప్తారు. 1931 డిసెంబరు 14న ఆయన పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. ఇప్పుడు మనం స్టీరియో అనే దానికి అదే పునాది. 1935లో ఒక చిన్న సినిమా కూడా తీశాడు. అందులో కథ లేదు. మనుషులు మాట్లాడుతూ వేదిక మీద ఒక వైపు నుంచి ఇంకో వైపుకు నడుస్తారు, అంతే! గొంతు వాళ్ల వెంటే నడుస్తుంది. 1942లో యుద్ధం కోసం రాడార్ పరీక్ష చేస్తుండగా విమానం కూలి ఆయన చనిపోయాడు. అప్పటికి ఆయనకు 38 ఏండ్లు. స్టీరియో రికార్డులు దుకాణాలకు వచ్చింది 1958 ప్రాంతంలో. అవి ఆయన చూడలేదు.

ఇక నడిమి డబ్బా. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. రెండు స్పీకర్లు ఉంటే చాలదా? చాలు, మీరు సరిగ్గా మధ్యలో కూచుంటే. అప్పుడు గొంతు రెండిటి నడుమ నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అక్కడ ఏమీ లేదు, అది మన మెదడు చేసే గారడీ. కొంచెం పక్కకు జరిగితే గారడీ చెడిపోతుంది, గొంతంతా దగ్గరి స్పీకర్ మీదికి పడుతుంది. ఇంట్లో ఒక్కరే వింటే ఫరవాలేదు. హాలులో వందల మంది కూచుంటారు, మధ్యలో కూచునేది ఎందరు?

అమెరికాలో బెల్ ప్రయోగశాల వాళ్లు దీన్ని పరీక్షించారు. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో వాద్యబృందం వాయిస్తుంటే టెలిఫోన్ తీగల మీద ఆ ధ్వనిని వాషింగ్టన్‌లో ఒక హాలుకు పంపించారు. ఆ హాలులో వాద్యగాళ్లు ఎవరూ లేరు. తెర వెనక స్పీకర్లు మాత్రమే ఉన్నాయి. రెండు కాదు, మూడు పెట్టారు: ఎడమ, కుడి, మధ్య. లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ అనే ప్రసిద్ధ సంగీత దర్శకుడు వాద్యబృందం ముందు నిలబడకుండా వాషింగ్టన్‌లో కూచుని మీటలు తిప్పాడు. అంటే నడిమి స్పీకర్ పుట్టింది మంచి సీటు దొరకని వాళ్ల కోసం! పక్క సీట్లో కూచున్నవాడికి కూడా గొంతు మధ్యలో నుంచే రావాలని.

అదే స్టొకోవ్‌స్కీ 1940లో వాల్ట్ డిస్నీ తీసిన "ఫాంటేసియా" బొమ్మల సినిమాకు సంగీతం నడిపించాడు. దాని కోసం ధ్వనిని వేరే ఫిల్ము మీద మూడు దారులుగా ముద్రించి, నాలుగో దారిలో ఏ ధ్వని ఎంత పెద్దగా రావాలో ఆజ్ఞలు ముద్రించారు. హాలు నాలుగు వైపులా స్పీకర్లు. కానీ ఆ యంత్రాలు చాలా బరువు, చాలా ఖరీదు. కొద్ది నగరాల్లోనే పెట్టగలిగారు. పైగా యుద్ధం వచ్చింది. అంత కష్టం అటకెక్కింది.

తర్వాత పన్నెండేండ్లకు టీవీ వచ్చి జనం హాళ్లకు రావడం తగ్గినప్పుడు సినిమావాళ్లకు మళ్లీ ధ్వని గుర్తుకొచ్చింది. 1952లో సినెరమా ఏడు దారుల ధ్వనితో వచ్చింది. 1953లో సినిమాస్కోప్‌లో తీసిన "ది రోబ్" సినిమాలో ఫిల్ము అంచుల మీద టేపురికార్డర్‌లో లాంటి అయస్కాంతపు పూత పూసి నాలుగు దారులు పెట్టారు: ఎడమ, మధ్య, కుడి, నాలుగోది హాలు వెనక. మన దేశంలో 1975లో "షోలే" 70 ఎం.ఎం. స్టీరియో ధ్వనితో వచ్చింది. తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా 1986లో కృష్ణగారు తీసిన "సింహాసనం", దానికి ఆరు దారుల ధ్వని. గుర్రాల డెక్కల చప్పుడు కోసమే మళ్లీ మళ్లీ పోయినామని మా ఇంటి పక్క పెద్దాయన ఇప్పటికీ చెప్తాడు.

అయితే అయస్కాంతపు పూత ఖర్చుతో కూడుకున్నది, తొందరగా అరిగిపోతుంది. పాత పద్ధతిలో ఫిల్ము అంచున వెలుగుతో చదివే సన్నటి గీత ఉంటుంది. ఆ కొంచెం జాగాలో రెండు గీతలు మాత్రమే పడతాయి. రెండు గీతల్లో నాలుగు ధ్వనులు ఎట్లా ఇరికించాలి? డాల్బీ కంపెనీవాళ్లు 1970లలో ఇది సాధించారు. 1977లో వచ్చిన "స్టార్ వార్స్"తో దీనికి పేరొచ్చింది.

ఇక్కడ మన ఎనిమిదో తరగతి బీజగణితం పనికొస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి చిన్న చిన్న వివరాలు వదిలేస్తున్నాను. ఎడమ ధ్వని ఎ, కుడి ధ్వని కు, నడిమి ధ్వని మ, వెనక ధ్వని వె అనుకుందాం. మొదటి గీతలో ఎ + మ + వె ముద్రిస్తారు. రెండో గీతలో కు + మ − వె. వెనక ధ్వనికి ఒక చోట ప్లస్, ఒక చోట మైనస్. అంటే దాని అలను తలకిందులు చేస్తారు. ఇప్పుడు హాలులో రెండు గీతలను కూడితే వె కొట్టుకుపోయి మ రెట్టింపవుతుంది, అది నడిమి స్పీకర్‌కు. ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే మ కొట్టుకుపోయి వె మిగులుతుంది, అది వెనక స్పీకర్లకు. ఎ, కు కూడా కొంచెం కలిసే ఉంటాయి, వాటిని తగ్గించడానికి వేరే సర్క్యూట్ పనిచేస్తుంది. నేను ఇది నోట్‌బుక్కులో రాసి చూసినప్పుడు, కూడిక తీసివేతలతో ఒక మనిషి గొంతును జనం గోలలోంచి బయటికి తీయవచ్చా అని చాలాసేపు ఆశ్చర్యపోయాను.

ఈ కిటుకు ఇంటికి కూడా వచ్చింది. వీడియో క్యాసెట్టులో రెండు దారులుంటే చాలు, నాలుగూ వాటిలోనే దాగి ఉంటాయి. 1982లో ఇంటికోసం డాల్బీ సరౌండ్ వచ్చింది. దాంట్లో నడిమి డబ్బాకు వేరే దారి లేదు. 1987లో వచ్చిన ప్రో లాజిక్ దాన్ని కూడా విడదీసింది. మా రిసీవర్ ముందు అద్దం మీద కూడా ప్రో లాజిక్ అనే మాట వెలుగుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం వస్తుంది.

ఆ తర్వాత అంకెల కాలం. ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో రాస్తే రెండు దారులకు సెకనుకు 15,36,000 బిట్లు అవుతాయి. ఆరు దారులకైతే 46,08,000. ఇది సినిమా ఫిల్ము మీద పట్టదు. డాల్బీ డిజిటల్ అనే పద్ధతిలో మనిషి చెవి పట్టుకోలేని భాగాలను వదిలేసి బాగా కుదించారు. ఫిల్ము పక్కన పళ్లచక్రం కోసం ఉండే రంధ్రాల మధ్య ఖాళీల్లో ఆ అంకెలను ముద్రించారు! 1992లో "బ్యాట్‌మన్ రిటర్న్స్" ఇట్లా వచ్చింది. మరుసటి ఏడు "జురాసిక్ పార్క్" డీటీఎస్ అనే ఇంకో పద్ధతిలో వచ్చింది, దాంట్లో ధ్వని ఫిల్ము మీద కాక వేరే సీడీల్లో ఉంటుంది. 5.1 అనే లెక్క అప్పటిదే. అయిదు పూర్తి దారులు, ఆరోది బాస్ శబ్దాలకు మాత్రమే కాబట్టి దాన్ని పాయింట్ ఒకటి అన్నారు. 1996లో డీవీడీ రావడంతో అది ఇండ్లలోకి వచ్చింది. డీవీడీ మీద ఆరు దారులూ కలిపి సెకనుకు ఎక్కువలో ఎక్కువ 4,48,000 బిట్లు. రెండు దారుల మామూలు ధ్వని కంటే ఇది మూడో వంతు కూడా లేదు. ఈ అంకె కూడా గుర్తుపెట్టుకోండి.

ఇన్ని జరుగుతుంటే కంప్యూటర్ ఏం చేస్తోంది? ఏమీ చేయలేదు, పాపం. (మన సోలాపూర్ చద్దరు మీద పువ్వులు వేసే జకార్డ్ మగ్గంలో రంధ్రాల అట్టలుంటాయి కదా, వాటిని చూసే చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రానికి అట్టలు వాడాలనుకున్నాడు. కాబట్టి కంప్యూటర్ మనకు దూరపు చుట్టమే. ఇది వ్యాసానికి అవసరం లేదు కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.) 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌లో చిన్న స్పీకర్ ఒకటే ఉండేది, అది "కుయ్" అనేది. సింగపూర్‌లో సిమ్ వాంగ్ హూ స్థాపించిన క్రియేటివ్ కంపెనీ 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డు తెచ్చాక ఆటల్లో సంగీతం, మాటలు మామూలయ్యాయి. 1990ల చివరిలో నాలుగు స్పీకర్లు, ఆ తర్వాత 5.1 కార్డులు వచ్చాయి. తొర్రలకు రంగులు వేసింది కూడా అప్పుడే. ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి చేసిన పీసీ 99 నియమాల్లో మైకుకు గులాబి, ముందు స్పీకర్లకు ఆకుపచ్చ అని రాశారు. వెనక వాటికి నలుపు, నడిమి స్పీకర్‌కూ బాస్‌కూ కలిపి నారింజ.

నేను మొదట ఆకుపచ్చ తొర్రలో ఒక తీగ పెట్టి రిసీవర్ ఎరుపు, తెలుపు తొర్రల్లో గుచ్చాను. ధ్వని వచ్చింది, దాంతోపాటు "గుం..." అనే మోత కూడా వచ్చింది. కంప్యూటర్‌కు, రిసీవర్‌కు ఎర్తు వేరు వేరు దారుల్లో పోతుంటే తీగ గుండా కరెంటు కొంచెం తిరుగుతుందని, అదే ఆ మోత అని తర్వాత తెలిసింది. మా తమ్ముడికి అయిదు స్పీకర్లూ మోగాలి కాబట్టి రిమోట్ మీద ఏదో నొక్కి అన్నిటిలోనూ ఒకే ధ్వని వచ్చేట్టు చేశాడు. వాడికి అదే సరౌండ్. తాతకు మాత్రం ముందుకంటే అన్యాయమైంది. మాట మీద పాట, పాట మీద చప్పుడు, అన్నీ నాలుగు వైపుల నుంచీ మీద పడ్డాయి. "కార్ఖానాల కూసున్నట్టున్నది" అని లేచిపోయాడు.

మూడు రంగులకు మూడు తీగలు పెడితే ఆరు దారులు వేరుగా పంపవచ్చు. కానీ దానికి రిసీవర్‌లో ఆరు తొర్రల వరుస ఉండాలి. మాదాంట్లో లేదు. మిగిలింది చదరపు తొర్ర. మూత తీసి చూస్తే లోపల చీకటి. కంప్యూటర్ వైపు అలాంటి తొర్రలో మాత్రం ఎర్రటి వెలుగు. ఇది 1983లో తోషిబా కంపెనీ తెచ్చిన టాస్‌లింక్. తీగలో కరెంటు కాదు, వెలుగు ప్రయాణిస్తుంది. కరెంటు కలవదు కాబట్టి ఎర్తు మోత కూడా ఉండదు. సోనీ, ఫిలిప్స్ కలిసి చేసిన పద్ధతిలో అంకెలు దాని గుండా పోతాయి. అది సీడీ కాలపు పద్ధతి. కుదించని ధ్వనైతే రెండు దారులే పడతాయి. కానీ మీరు గుర్తుపెట్టుకున్న 4,48,000 ఉంది కదా? కుదించిన ఆరు దారుల మూట రెండు దారుల జాగాలో సులువుగా పట్టేస్తుంది. రిసీవర్ ఆ మూట విప్పి పంచుతుంది.

ఇక్కడొక చిక్కుంది. డీవీడీలో మూట ముందే కట్టి ఉంటుంది. కంప్యూటర్ దాన్ని విప్పకుండా పంపాలి. కంప్యూటర్ సాయం చేస్తున్నానని తానే విప్పి, రెండు దారులుగా కలిపేసి పంపిస్తుంది. సినిమా చూపించే ప్లేయర్ సెట్టింగుల్లో "పాస్‌త్రూ" అనేదాన్ని ఆన్ చేయాలి, అంటే ఉన్నది ఉన్నట్టు పంపు అని. నాకు ఇది దొరకడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఆటల్లో అయితే ధ్వని అప్పటికప్పుడు పుడుతుంది, ముందే కట్టిన మూట ఉండదు. 2001లో ఎన్విడియా కంపెనీ ఎన్‌ఫోర్స్ అనే బోర్డులో ఆ మూటను అప్పటికప్పుడే కట్టే చిప్పు పెట్టింది. మా బోర్డులో అది లేదు, కాబట్టి తమ్ముడి ఆటలకు రెండు దారులే. వాడికి ఇంకా కోపమే. 2002 చివరిలో వచ్చిన హెచ్‌డీఎంఐలో ఈ బాధ లేదు. ఒకే తీగలో బొమ్మతోపాటు కుదించకుండానే ఎనిమిది దారుల ధ్వని పోతుంది. కొత్త రిసీవర్ కొనేవాళ్లు దాన్నే వాడుకోవాలి. కంప్యూటర్ ధ్వని సెట్టింగుల్లో మాత్రం 5.1 అని ఎంచుకోవడం మరిచిపోవద్దు, లేకపోతే అంత పెద్ద దారి ఉన్నా అది స్టీరియో అనుకుని రెండే పంపుతుంది.

నాలుగో ఆదివారం రిసీవర్ అద్దం మీద "డాల్బీ డిజిటల్" అని వెలిగింది. ముందు నేను గుర్తుపట్టలేదు, అమ్మ గుర్తుపట్టింది. "మాటలు టీవీ కిందికెల్లి వస్తున్నయి" అంది. సినిమాల్లో మాటలు ఎక్కువగా నడిమి దారిలోనే పెడతారు. పాటలు, ఫైటింగులు పక్కలకూ వెనకకూ పోతాయి. అంటే మాటకు వేరే డబ్బా ఉంది, ఆ డబ్బాకు వేరే వాల్యూమ్ ఉంది! రిసీవర్‌లో ఒక్కో స్పీకర్‌ను విడిగా పెంచవచ్చు, తగ్గించవచ్చు. నడిమి దాన్ని 5 డెసిబెల్స్ పెంచాను, వెనక వాటిని 4 తగ్గించాను. డబ్బాను నేల మీద నుంచి తీసి కుర్చీ ఎత్తులో స్టూలు మీద పెట్టి, తాత కూచునే చోటికి తిప్పాను.

తాతను పిలవడానికి నేనే పోయాను. తమ్ముడిని పంపాలనుకున్నాను, కానీ ఆ రోజు నవ్విన దాన్ని నేను కూడా. మొదట రానన్నాడు. "మాటలు వినపడతయి తాతా, ఒక్కసారి రా" అన్నాను. వచ్చి కూచున్నాడు. ఇంటర్వెల్ దాకా మూడుసార్లు "ఏమన్నడే?" అన్నాడు. నేను లెక్కపెట్టాను. చెవి మంచిగయిందని నేను అనడం లేదు, పోయిన హల్లులు పోయినట్టే. కానీ మాట మీద పడే చప్పుడు తగ్గింది. ఒక చోట హాస్యానికి మాకంటే ముందే నవ్వాడు.

మరుసటి వారం తాతే అడిగాడు, మాయాబజార్ పెట్టమని. మా దగ్గర పాత నలుపు తెలుపు కాపీ ఉంది. 1957 నాటి సినిమా, ధ్వని ఒక్కటే దారి. అదే ధ్వని ఎడమ దారిలోనూ, కుడి దారిలోనూ ఉంటుంది. రిసీవర్ ప్రో లాజిక్‌లో ఉంది. లెక్క గుర్తుందా? రెండూ ఒకటే అయితే తీసివేస్తే సున్నా. వెనక స్పీకర్లకు ఏమీ పోదు. ఎడమ, కుడి కూడా ఊరుకుంటాయి. ఉన్నదంతా నడిమి డబ్బాకే పోతుంది. ఎస్వీ రంగారావు గారి నవ్వు మొత్తం ఆ ఒక్క డబ్బాలోంచే వచ్చింది. తాత చాలా మాటలు ముందే తానే చెప్తున్నాడు, ఆ సినిమా ఆయనకు కంఠస్థం.

సగం సినిమా అయ్యాక తాత లేచి వెనక స్పీకర్ దగ్గరికి పోయి చెవి పెట్టి చూశాడు. తర్వాత పక్కది కూడా చూశాడు.

"ఇవి నాలుగు చెడిపోయినయా?"

చెడిపోలేదు తాతా, ఈ సినిమాలో వాటికి పని లేదు అని చెప్పాను.

"పని లేకుంటే కరెంటు దండుగ గదా బిడ్డా, బంద్ చెయ్యి" అని వచ్చి మళ్లీ తన కుర్చీలో కూచున్నాడు.